ఈతముల్లు పట్టిన తెర

మార్చి 21 ప్రపంచ బొమ్మలాట దినోత్సవం. బొమ్మలాట కళాకారుల అంతర్జాతీయ సంఘం యునిమా 1929లో ప్రాగ్‌లో పుట్టింది. ఆ సంఘం చొరవతో 2003 నుంచి ఈ రోజును పాటిస్తున్నారు. ఏటా ఈ సందర్భంలో మన తోలుబొమ్మల గురించి నాలుగు మాటలు అచ్చవుతాయి. రంగుల గురించి రాస్తారు, తోలు గురించి రాస్తారు, కేతిగాడి హాస్యం గురించి రాస్తారు. ఆ బొమ్మ ఏ బట్ట మీద ఆడిందో ఆ బట్ట ఊసు మాత్రం అరుదుగా వస్తుంది. సూది తగలకుండా, ఒక్క కుట్టూ పడకుండా రాత్రంతా బిగిసి నిలబడి, తెల్లారేసరికి మళ్ళీ మామూలు చీరైపోయే ఆ తెరంటే నాకు ప్రాణం. ఈ వారం దాని కథే చెప్పాలని ఉంది.

తెర మనకు ఎప్పటినుంచో ఉన్నదే. నాట్యశాస్త్రంలో యవనిక ఉంది. రాజశేఖరుడు ప్రాకృతంలో రాసిన కర్పూరమంజరి సట్టకంలో అంకాల స్థానంలో జవనికాంతరాలే ఉంటాయి. 13వ శతాబ్దికి వస్తే, పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో శివరాత్రికి శ్రీశైలం చేరిన భక్తుల ముందు సాగిన ఆటపాటలన్నీ వర్ణిస్తూ బొమ్మలాటనూ తలుచుకున్నాడు. ఆ కవులకు కథ ముఖ్యం, దేవుడు ముఖ్యం. అయినా చీర మరుగున బొమ్మలాడించేవారని సోమనాథుడు ఒక్క మాట అనకపోలేదు. గోల్కొండ నవాబుల కాలంలో మన తీరంలో అద్దిన కలంకారీ తెరలు దేశాలు దాటాయి. 17వ శతాబ్ది నాటి అలాంటి తెర ఒకటి ఏడు ముక్కలుగా ఇవాళ అమెరికాలోని బ్రూక్లిన్ మ్యూజియంలో ఉంది. అవి దర్బారుల వైభవం. ఊరి తెర దారి వేరు.

ఊళ్ళో తెర అంటే చేతికి దొరికిన చీర, పంచె. పెళ్ళిలో వధూవరుల మధ్య అడ్డుతెర చూడండి. దానికి కమ్మీ లేదు, కొక్కెం లేదు. చెరో కొసా ఇద్దరు పట్టుకుంటారు. జీలకర్రబెల్లం పెట్టే ముహూర్తానికి వదిలేస్తారు. అంతే, దాని పని అయిపోయింది. పందిట్లో రజకులు కట్టే చాందినీ కూడా ఉతికిన చీరలతోనే. బట్ట అంచున గులకరాయి పెట్టి, దాన్ని గుడ్డతో చుట్టి, మెడ దగ్గర పురికొసతో బిగిస్తే ఎంత లాగినా జారని ముడి అవుతుంది. బట్ట చిరగదు, చిల్లు పడదు. విప్పితే చీర మళ్ళీ పెట్టెలోకి వెళుతుంది.

కూచిపూడి భాగవతులూ ఈ దారిలోనే నడిచారు. గోల్కొండ ఏలిన తానీషా 1678లో ఆ ఊరిని అగ్రహారంగా ఇచ్చాడని ప్రసిద్ధి. సిద్ధేంద్ర యోగి పేరుతో మనకు దక్కిన భామాకలాపంలో సత్యభామ ప్రవేశం తెర వెనకే మొదలవుతుంది. ఇద్దరు మనుషులు పట్టుకున్న ఆ తెర మీదుగా భామ జడ ఇవతల పడుతుంది. తనను మించిన విద్వాంసుడెవరైనా ఉంటే వచ్చి ఆ జడ కోయవచ్చని సవాలు. ముఖం ఇంకా కనబడదు, కాలి గజ్జె వినబడుతుంది, జడ మాత్రం అందరి ఎదుటా ఉంటుంది. మొలలు కొట్టి బిగించిన తెర ఈ పని చేయలేదు. పట్టుకున్నవాళ్ళు తాళానికి తగ్గట్టు కాస్త దించాలి, కాస్త ఎత్తాలి. ఆ తెర సగం నటుడు. వేదాంతం సత్యనారాయణ శర్మ వంటి మహానటులు భామ వేషానికి తెచ్చిన కీర్తిలో ఆ గుడ్డ అంచు పట్టుకు నిలబడ్డవారికీ కొంత వాటా ఉందని నా నమ్మకం.

ఇక తోలుబొమ్మలాట. ఇంట్లో మరాఠీ యాస మాట్లాడుకుంటూ ఆటలో తెలుగు పాడే ఆరె కుటుంబాలది ఈ విద్య. రామాయణ ఘట్టాలకు రంగనాథ రామాయణ ద్విపద వారి నోట నానేది. సుందరకాండ, లక్ష్మణ మూర్ఛ, మైరావణ చరిత్ర, విరాటపర్వం, పద్మవ్యూహం, ఏది పెట్టినా పొద్దు పొడిచే దాకా సాగేది. మన బొమ్మల గొప్ప వాటి నిలువులో ఉంది. ఐదారడుగుల ఎత్తున మనిషంత రావణుడు నిలబడతాడు. చిక్కు కూడా అక్కడే వచ్చింది. నేత చీర పన్నా నాలుగడుగులకు అటూ ఇటూ ఉంటుంది. దాన్ని అడ్డంగా కడితే వెడల్పుకు సరిపోతుంది, నిలువుకు చాలదు. రావణుడి కిరీటం కట్టు దాటి పైకి పోతుంది. అందుకని రెండు తెల్ల చీరలు ఒకదాని కింద ఒకటి కట్టాలి, మధ్యలో కలపాలి.

దర్జీ అయితే కుట్టేవాడు. బొమ్మలాటవాళ్ళు ఈతచెట్టు దగ్గరికి వెళ్ళారు.

ఈతమట్ట మొదట్లో ఆకులు ముళ్ళుగా మారి ఉంటాయి. పొడుగ్గా, గట్టిగా, నున్నగా, కొన వాడిగా ఉంటాయి. పై చీర అంచును కింది చీర అంచు మీదికి కొద్దిగా తెచ్చి, ముల్లును లోపలికి గుచ్చి, బయటికి తీసి, మళ్ళీ లోపలికి పోనిస్తే రెండు బట్టలూ పట్టుకుంటాయి. అలా వరసగా ముళ్ళు. ముల్లు దారాన్ని తెంపదు, పక్కకు జరుపుతుంది. పీకేశాక ఒకసారి ఉతికితే పోగులు మళ్ళీ దగ్గరవుతాయి. నాలుగు మూలలా తాళ్ళు వేసి, పాతిన గుంజలకు లాగి కడితే తెర చర్మవాద్యంలా బిగుస్తుంది.

ఆ బిగువు ఊరికే కాదు. బొమ్మను బట్టకు ఆనించి పట్టుకుంటేనే రంగు, గీత, తోలులో కొట్టిన చిల్లుల నగిషీ స్పష్టంగా అవతలికి కనబడతాయి. బట్టకూ బొమ్మకూ మధ్య జానెడు ఎడం వస్తే నీడ పెద్దదై, అంచులు చెదిరి మసకబారుతుంది. తెర ఎక్కడైనా వేలాడితే అక్కడ సీతమ్మ ముఖం సొట్టపోతుంది. కుట్టిన బట్టను నడి ఆటలో సరిచేయడం ఎవరి తరమూ కాదు. ముల్లయితే పీకి, లాగి, రెండంగుళాల అవతల గుచ్చితే సరి. పాట ఆగనక్కర్లేదు.

ముల్లుకు ఇంకో ఉద్యోగం కూడా ఉంది. బృందం అంటే తరచూ ఒక కుటుంబం. అమ్మ, నాన్న, కొడుకు, కోడలు, మద్దెల వాయించే బావమరిది. కథలోనేమో సభ నిండా రాక్షసులు, వానరులు. ఇన్ని బొమ్మలకు అన్ని చేతులెక్కడివి? మాట్లాడే పని లేని పాత్రను ఈతముల్లుతో తెరకే గుచ్చి పెడతారు. రావణుడు సింహాసనం మీద కదలకుండా ఉంటాడు, ఖాళీ అయిన చెయ్యి హనుమంతుణ్ణి అందుకుంటుంది. యుద్ధం వచ్చినప్పుడు కాళ్ళ కింది చెక్కలు దడదడలాడతాయి. మధ్యలో జుట్టుపోలిగాడూ బంగారక్కా దూరి ఊరిజనాన్ని పొట్ట చెక్కలయ్యేలా నవ్విస్తారు. ఆముదపు దీపాల వేడిమి, నూనె వాసన, అవతల ఈతచాపల మీద సగం నిద్రలో పిల్లలు. ఇంత సంరంభాన్నీ ఆ ముళ్ళు మోసేవి.

కుట్టకపోవడంలో ఊరి మర్యాద కూడా ఉంది. ఆటకు కట్టిన చీర ఒక ఇంటిది. అది చీరగానే తిరిగి వెళ్ళాలి. ఎరువు తెచ్చిన వస్తువును చెడగొట్టకుండా వాడుకోవడం తెలిసినవాళ్ళ పనితనం అది. దాన్ని లేమి అని సరిపెట్టడం నాకు నచ్చదు.

ఈ కుటుంబాల్లోంచే మరో రకం తెరా పుట్టింది. తోలుబొమ్మలు ఆడించిన ఆరె వంశీకులే 1885లో కడప ప్రాంతంలోని సురభి గ్రామంలో వనారస గోవిందరావు నాయకత్వంలో కీచకవధను మనుషులతో ఆడారు. సురభి నాటకం అలా మొదలైంది. ఆ తరవాత రంగులద్దిన తెరలు వచ్చాయి. అడవి, కోట, దర్బారు గడలకు చుట్టుకుని పైకి పోయి, తాడు వదిలితే దిగేవి. ముళ్ళతో పని తీరింది. తర్వాత టూరింగ్ టాకీసులు ఊరూరా డేరాలు వేశాయి.

అక్కణ్ణుంచి కథ చెల్లాచెదురైంది. ఆముదం పోయి పెట్రోమాక్స్ వచ్చింది, అదీ పోయి కరెంటు బల్బు వచ్చింది. ఇళ్ళలో కర్టెన్ అంటే రింగులు కొట్టించి స్టీలు రాడ్డుకు ఎక్కించేదే అయింది. అద్దె ఫ్లాట్లలో గోడకు మేకు కొట్టొద్దంటారు కాబట్టి స్ప్రింగు రాడ్డు, క్లిప్పు రింగులు, అతుక్కునే కొక్కేలు కొంటున్నారు. ఫంక్షన్ హాల్లో డెకరేషన్ కుర్రాళ్ళు ఇనుప గొట్టాల స్టాండు నిలబెట్టి, బట్టను కుచ్చిళ్ళు పోసి గుండుసూదులతో బిగిస్తారు. వాళ్ళ వేళ్ళ వేగం చూడముచ్చటగా ఉంటుంది. పెళ్ళి అడ్డుతెర వెల్వెట్ మీద పేర్లు కుట్టించుకుని వస్తోంది. డాలస్‌లో పెళ్ళయినా దాన్ని ఇద్దరు మనుషులు పట్టుకోవాల్సిందే.

బొమ్మల సంగతికొస్తే, ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో ఇప్పటికీ ఆ కుటుంబాలున్నాయి. అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. అయితే ఆ ఊళ్ళో తోలు మీద పడే ఉలి ఇప్పుడు ఎక్కువగా లాంప్‌షేడ్ల కోసం, గోడకు వేలాడే పటాల కోసం పడుతోంది. అవి అందమైనవే, కొనాలి కూడా. వాటితో ఇల్లు గడుస్తుంది. ఆట మాత్రం గడవదు. ఆటకు రాత్రి కావాలి, జనం కావాలి, తెర కావాలి.

కాబట్టి ఒక విన్నపం. ఈ ఏడాది మీ ఊరి తిరునాళ్ళకో, పిల్లల బడి వార్షికోత్సవానికో ఒక తోలుబొమ్మలాట బృందాన్ని పిలిపించండి. పావుగంట ముక్కతో సరిపెట్టకుండా, కనీసం ఒక ఘట్టం మొత్తం ఆడమనండి. వారికి న్యాయమైన పారితోషికం ఇవ్వండి. తెరకు రెండు తెల్ల చీరలు మీ ఇంటి నుంచే ఇవ్వండి. పొద్దున్నే తిరిగి తెచ్చుకోవచ్చు.