పాత కారు - కొన్న ధర, నిలుపుకొనే ఖర్చు

గోదావరిఖనిలో గని కార్మికునికి ఉద్యోగ విరమణ సొమ్ము చేతికి వచ్చినప్పుడు ఇంట్లో కారు మాట రావడం సహజం. కుర్రవాడికి స్పోర్ట్సు కారు మీద మోజు. కొత్తది అందదు, పదేళ్ళనాటిది చాలా తక్కువకే దొరుకుతుంది. "పెద్దగా తిరగలేదండీ, మీటరు చూసుకోండి" అంటాడు అమ్మేవాడు. ఆ మాట నిజమే అనుకొన్నా, అది బండి ఆరోగ్యాన్ని గురించి ఎంత చెబుతుంది? ఈ ప్రశ్నకు నూరేళ్ళకు పైబడిన చరిత్ర ఉన్నది.

1907లో ఇంగ్లండులో రోల్స్ రాయిస్ కంపెనీ "సిల్వర్ గోస్ట్" అనే కారును రాయల్ ఆటోమొబైల్ క్లబ్బు పర్యవేక్షణలో 15,000 మైళ్ళు నడిపించినది. 629 మైళ్ళ వద్ద కుదుపులకు పెట్రోలు కుళాయి మూసుకొనిపోయి బండి ఆగినది. టైర్ల సంగతి విడిచిపెడితే, మిగిలిన 14,371 మైళ్ళలోనూ అది మరి మొరాయించలేదు. పరీక్ష ముగిశాక బండిని పూర్తిగా విప్పి, భాగాలన్నిటినీ కొలిచి చూచారు. అరిగినవాటికి బదులు కొత్తవి వేయడానికి తేలిన ఖర్చు 2 పౌన్ల 2 షిల్లింగుల 7 పెన్సులు! అమ్మకాలకు ఇంతకు మించిన ప్రకటన ఏముంటుంది? అయితే ఆ బండి తీరిక లేకుండా తిరిగినది, దానిని కనిపెట్టుకొని మెకానిక్కులు ఉన్నారు.

ఇదే జాతి కారుకు 1911లో ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆర్డరు పెట్టాడు. సింగరేణి బొగ్గు తవ్వకం మొదలయినది ఆయన రాజ్యంలోనే. ఆ ఏడు ఆగస్టులో ఆయన మరణించాడు. 1912 నాటి ఆ పసుపుపచ్చని బండి కుమారుడు మీర్ ఉస్మాన్ అలీఖానుకు దక్కినది. వెనుక సింహాసనం వంటి ఆసనం ఉన్న ఆ కారు ఉత్సవాలకే గాని ప్రయాణాలకు కాదు. కాబట్టి అది తిరిగిన దూరం చాలా స్వల్పం. మీటరే కొలత అయితే అంతకంటె మంచి బేరం ఉండకూడదు. అయినా దానిని పునరుద్ధరించవలసి వచ్చినది. ఆ తరువాతనే చౌమహల్లా ప్రాసాదంలో ప్రదర్శనకు నిలిచినది.

కదలని బండిలో కూడా రసాయన క్రియలు ఆగవు. పెట్రోలు ఆవిరై జిగురు మిగులుతుంది. సిలిండరు గోడల మీది నూనె జారిపోయి, గాలిలోని తేమకు తుప్పు మొదలవుతుంది. రబ్బరు గట్టిపడి పగుళ్ళు తీస్తుంది. బ్రేకు ద్రవం తేమను పీల్చుకొని, వేడికి త్వరగా మరిగే స్థితికి వస్తుంది. వేసవిలో 45 డిగ్రీలు దాటే రామగుండం ఎండలో రబ్బరు మరింత త్వరగా ముసలిదవుతుంది.

తిరిగే బండి కథ వేరు. దానికి ఇక్కడి ఓపెన్‌కాస్టు గనుల డంపర్లే మంచి పాఠం. వీటి నిర్వహణకు కిలోమీటర్లు చాలవు, ఇంజను నడిచిన గంటలు లెక్కపెట్టాలి. షవలు ముందు వరుసలో నిలిచి ఉన్నప్పుడు చక్రం తిరగదు గాని ఇంజను అరుగుతూనే ఉంటుంది. పాత నూనెను పరీక్షించి లోపలి సంగతి పసిగట్టవచ్చు: ఇనుము హెచ్చితే ఏదో భాగం అరుగుతున్నది, సిలికాను హెచ్చితే దుమ్ము వడపోతను దాటి వస్తున్నది. బొగ్గు మెత్తనిదే. దాని పైనుండే ఇసుకరాతిలోని క్వార్ట్జు మాత్రం ఉక్కును గీయగలదు. కొన్ని మైక్రానుల రేణువు చాలు, నూనె పొరను చీల్చుకొని పోతుంది. బండికి గాలి ఫిల్టరు మార్చడం చిన్న ఖర్చు. మానితే ఇంజను విప్పవలసి వస్తుంది.

స్పోర్ట్సు కారుకు ఈ బాధలన్నీ రెట్టింపు అనుకొంటే పొరపాటు. లెక్క వర్గాలలో పోతుంది. ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరిగేది 6,000 తిరిగితే పిస్టను, కడ్డీల మీది జడత్వ బలం నాలుగింతలు. వేగం రెండింతలైతే బ్రేకులు మింగవలసిన శక్తి కూడా నాలుగింతలే. అందువల్లనే దాని బ్రేకు డిస్కులు, టైర్లు, నూనె అన్నీ ఖరీదైనవి. కారు ధర సగానికి పడిపోయినా విడిభాగం ధర పడిపోదు. దిగుమతి బండి అయితే సుంకం కూడా దానికి తోడు. మెకానిక్కు కోసం రెండు వందల కిలోమీటర్లకు పైగా హైదరాబాదు దాకా లాగించుకొనిపోవాలి.

ఈ సంగతులన్నీ అమ్మేవానికి తెలుసు, కొనేవానికి తెలియవు. ఈ తేడా సంతను ఎలా చెడగొడుతుందో జార్జి ఏకర్లాఫ్ 1970లో పాత కార్లనే ఉదాహరణగా తీసుకొని చూపాడు. ఈ కృషికి 2001లో ఆర్థికశాస్త్రపు నోబెల్ బహుమానంలో భాగం లభించినది. కొనేవాడు బండి మంచిదో కాదో తెలియక సగటు ధరే ఇస్తానంటాడు. మంచి బండి గలవాడు ఆ ధరకు అమ్మడు. సంతలో మిగిలేవి చెడ్డవే.

అయితే కొనేవాడు పూర్తిగా గుడ్డివాడు కానక్కరలేదు. ప్రతి సిలిండరులోనూ పీడనం కొలిపిస్తే ఒకటి మిగిలినవాటితో తూగకపోవడం బయటపడుతుంది. పాత నూనెను పరీక్షకు పంపవచ్చు. ఇక ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉన్నది. టైరు పక్క గోడ మీద నాలుగంకెలు ఉంటాయి: మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 1216 అంటే 2016లో పన్నెండవ వారం. మీటరును వెనక్కు తిప్పినవాడు కూడా ఆ అంకెలను మరచిపోయి ఉండవచ్చు.