ఉత్తరువు ఒకనాటిది, మార్పు ఏండ్లనాటిది

జిల్లా యేర్పడుటకు ఒక ప్రభుత్వోత్తరువు చాలును. ఆ జిల్లా కచేరి కుదుటపడుటకు మాత్రము ఏండ్లు పట్టును. ఆ నడిమి కాలములో సిబ్బందిని నడుపవలసిన భారము కార్యాలయాధిపతిది. అది యెట్టిదో పూర్వపు వరంగల్లు జిల్లాలోని జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతముల చరిత్రలో మనము చూడవచ్చును.

మన గ్రామముల లెక్కలు తరతరములుగా పట్వారీల చేతిలో నుండినవి. 1984లో పటేలు పట్వారీ వ్యవస్థ రద్దయినది. 1985లో తాలూకాలకు బదులు మండలములు వచ్చినవి. వంశపారంపర్యాధికారము తొలగుట ప్రజలకు మేలే. అయినను, ఏ చెలక ఎవరి సాగులో నున్నదో, ఏ వాగు ఏ గట్టును కోసినదో, పహాణీ కెక్కని సంగతులు పాతవారి జ్ఞాపకములో నుండెడివి. దస్త్రములను అప్పగించినంత సులభముగా జ్ఞాపకమును అప్పగింప వీలుకాదు. దానిని అడిగి తెలిసికొని వ్రాయించుకొనుట కొత్తగా వచ్చిన అధికారి మొదటి పని.

2016 ఆగస్టు 22న వెలువడిన జిల్లాల ముసాయిదాలో జనగామ పేరు లేదు. ప్రజలు ఆందోళన చేసిరి. అక్టోబరు 11న, విజయదశమి నాడు, తెలంగాణములోని 10 జిల్లాలు 31 అయినప్పుడు జనగామయు అందులో చేరినది. మహబూబాబాదు జిల్లాలో ఖమ్మము వైపు నుండి గార్ల, బయ్యారము కలిసినవి. భూపాలపల్లి కేంద్రముగా వెలసిన జిల్లాలో కరీంనగరము వైపు నుండి మహదేవపూరు, కాటారము, ఖమ్మము వైపు నుండి వాజేడు, వెంకటాపురము చేరినవి. మూడు పాత జిల్లాల పని అలవాట్లు ఒక్క కచేరిలో కలిసినవి. అవి పొసగుచుండగనే, 2019 ఫిబ్రవరి 17న ములుగు వేరు జిల్లా అయినది; దస్త్రములను, సిబ్బందిని మరల పంచవలసి వచ్చినది.

సరిహద్దులకంటె మనుష్యులను పంచుట కష్టము. 2016లో ఉద్యోగులను ‘ఆర్డర్ టు సర్వ్’ అను పేర తాత్కాలికముగనే పంపిరి. 2018 నాటి రాష్ట్రపతి ఉత్తరువుతో జనగామ యాదాద్రి జోనులోను, మహబూబాబాదు భద్రాద్రి జోనులోను, భూపాలపల్లి కాళేశ్వరము జోనులోను పడినవి. నిన్నటివరకు ఒకే జిల్లా వారైన ఉద్యోగుల దారులు మూడైనవి. 2021 డిసెంబరులో శాశ్వత కేటాయింపు జరిగినప్పుడు సీనియారిటీని ప్రధానముగ తీసికొనిరి. తక్కువ సర్వీసు గలవారు పలువురు సొంత జిల్లాను విడువవలసి వచ్చినది. భార్య యొకచోట, భర్త యొకచోట అయిన కుటుంబములును గలవు. స్థానికత మాటేమని ఉపాధ్యాయులు, ఉద్యోగులు నిరసన తెలిపిరి.

ఇట్టి వేళ కార్యాలయాధిపతి ఉత్తరువును మార్చజాలడు. కాని తేలిన విషయమేదో, తేలనిదేదో తన వారిని కూర్చుండబెట్టి దాపరికము లేక చెప్పగలడు. అతడు చెప్పనిచో వదంతి చెప్పును. న్యాయమైన మొరను వ్రాతమూలకముగ పైకి పంపగలడు. వెళ్లువాని చేత వచ్చువానికి నాలుగు దినములు పని చూపించగలడు. ఓదార్పు మాటలకంటె ఈ మూడు పనులు సిబ్బందికి ఎక్కువ ధైర్యము నిచ్చును.

బడిని గాని, బ్యాంకును గాని, కర్మాగారమును గాని నడుపు శ్రోతలకును ఇది వర్తించును. సిబ్బంది మనసు కుదుటపడనిచో, నష్టపోవునది తుదకు నకలు కొరకు పది మైళ్లు వచ్చి ‘రేపు రమ్మను’ మాట విని మరలిపోవు రైతే.