చెమ్మకు దారి: నేలమాళిగ గోడల చరిత్ర

నేలమట్టానికి దిగువనున్న గోడకు తడి మూడు విధాలుగా చేరుతుంది. వాన నీరు, భూగర్భ జలం పగుళ్లలోంచి ఊరతాయి. పునాది అడుగున ఉన్న తడిని రాయి, ఇటుక, సున్నపు అతుకులు తమ సన్నని రంధ్రాల గుండా పైకి పీలుస్తాయి. ఎండాకాలంలో ఉక్కగాలి చల్లని గోడను తాకి నీటి బొట్లు కడుతుంది. మూడింటికీ ఒకే మందు పనిచేయదు. ఏ తడి ఎక్కడిదో తెలియకుండా పూతలు పూయడం వల్లనే పాత ఇళ్ల నేలమాళిగలు ఎక్కువగా పాడయ్యాయి. నీటిని అడ్డగించడం, నీటికి దారి చూపడం అనే రెండు పద్ధతుల మధ్యే ఈ గోడల చరిత్ర సాగింది.

రెండో పద్ధతి చాలా పాతది. క్రీ.పూ. మొదటి శతాబ్దపు రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ తన గ్రంథం ఏడో భాగంలో చెమ్మ గోడల గురించి రాశాడు. నేల నుంచి మూడడుగుల ఎత్తు వరకు పూతలో ఇసుకకు బదులు పెంకుల పొడి కలపమన్నాడు. గోడంతా నీరు ఊరుతుంటే లోపలివైపు కాస్త ఎడంగా మరో పలుచని గోడ కట్టి, ఆ సందు అడుగున గది మట్టం కంటే దిగువగా కాలువ తీసి, గాలి ఆడేందుకు కంతలు వదలమన్నాడు. కాలిన మట్టిలోని సిలికా సున్నంతో కలిసి తడిలోనూ గట్టిపడుతుంది. తెలుగునాట సున్నంలో ఇటుక పొడి కలిపి, గానుగ పట్టి మిద్దెలకూ నీటి తొట్లకూ గచ్చు చేసిన మేస్త్రీల పనితనానికి మూలం ఇదే గుణం.

18వ శతాబ్దపు లండన్‌లో వరుస ఇళ్ల వంటగదులు, బొగ్గు కొట్లు వీధి మట్టానికి దిగువన ఉండేవి. పునాదికి తవ్విన మట్టిని వీధి ఎత్తు పెంచడానికి వాడేవారు. ఇంటికీ వీధికీ మధ్య వదిలిన పల్లపు ఖాళీ ముందుగోడకు మట్టి తగలకుండా కాపాడేది, లోపలికి వెలుతురునూ ఇచ్చేది. అయితే అడుగు నుంచి ఎక్కే చెమ్మకు అది అడ్డు కాలేదు. ఆరోగ్యానికి పొడి ఇల్లు అవసరమన్న భావన బలపడ్డాక 1875 ప్రజారోగ్య చట్టం వచ్చింది. దాన్ని అనుసరించి 1877లో వెలువడిన నమూనా నిబంధనలు గోడ అడుగున చెమ్మ ఎక్కని పొర ఒకటి వేయాలని కోరాయి. పలకరాయి, సీసపు రేకు, తారు అందుకు వాడేవారు.

ఈలోగా అడ్డగించే పద్ధతికి కొత్త బలం చేకూరింది. ఎడ్డీస్టన్ దీపస్తంభాన్ని కట్టడానికి 1750లలో ప్రయోగాలు చేసిన జాన్ స్మీటన్, బంకమన్ను కలిసిన సున్నపురాయిని కాల్చితే వచ్చే సున్నం నీటిలోనూ గట్టిపడుతుందని గుర్తించాడు. 1824లో లీడ్స్‌కు చెందిన జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు పొందాడు. సిమెంటు పూస్తే నీరు ఆగిపోతుందన్న నమ్మకం క్రమంగా వ్యాపించింది.

అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లో నేలమాళిగకు వాతావరణమే కారణం. చలికాలంలో గడ్డకట్టే మట్టి పొంగి ఇంటిని కదిలించకుండా పునాది ఆ మట్టానికి దిగువకు పోవాలి; మిన్నెసోటా నిబంధనల ప్రకారం ఆ లోతు 42 నుంచి 60 అంగుళాలు. అంత తవ్వాక ఇంకొంత తవ్వితే గది దొరుకుతుంది. 19వ శతాబ్దంలో ఈ గోడలను ఎక్కువగా గుండ్రాళ్లు, సున్నంతో కట్టేవారు. మసాచుసెట్స్‌కు చెందిన హెన్రీ ఫ్లాగ్ ఫ్రెంచ్ 1859లో అచ్చైన పొలాల మురుగుకాలువల పుస్తకంలో నేలమాళిగల కోసం ఒక అధ్యాయం కేటాయించాడు. కంకర నింపిన కాలువకు నేటికీ ఆయన పేరే నిలిచింది. 1900లో హార్మన్ పామర్ కాంక్రీటు బ్లాకుల యంత్రానికి పేటెంటు పొందాక బ్లాకు గోడలు, వాటి వెలుపల తారు పూత మామూలయ్యాయి.

అప్పటికింకా అవి బొగ్గుకూ కొలిమికీ పరిమితమైన గదులు. చమురు, గ్యాస్ కొలిములు వచ్చి బొగ్గు గుట్టలు పోయాక చోటు మిగిలింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆ చోటు ఆటల గదిగా మారింది. రాతిగోడ ముందు కర్రల చట్రం కట్టి, గాజుపీచు కుక్కి, పాలిథిన్ పరచి, పైన జిప్సం పలకలు బిగించారు. గోడలోంచి వచ్చే తడి ఆ పొరల మధ్య చిక్కింది. పీచు నానింది, పలకల కాగితం మీద బూజు పెరిగింది.

పాత సున్నపు గోడలకు సిమెంటు పూత చేసిన హాని ఇంకా లోతైనది. సున్నపు అతుకు తడిని పీల్చి గాలికి వదిలేస్తుంది. సిమెంటు ఆ దారి మూసేస్తే తడి ఇటుకలోనే నిలుస్తుంది. దానితో వచ్చిన ఉప్పు పూత వెనక స్ఫటికాలు కట్టి ఇటుక ముఖాన్ని నెడుతుంది. పూత పెచ్చులుగా ఊడినప్పుడు దాని వీపున ఇటుక పొర అంటుకుని ఉంటుంది.

ఈ అనుభవం నుంచే నేటి పద్ధతి రూపుదిద్దుకుంది. అమెరికా నేషనల్ పార్క్ సర్వీస్ పాత భవనాల చెమ్మపై 1996లో వెలువరించిన మార్గదర్శిక ముందు తడి మూలం కనిపెట్టమంటుంది. దానికి ఒక సులువైన పరీక్ష ఉంది. గోడకు పాలిథిన్ ముక్క అంచులన్నీ మూసి అంటించి, ఒకటి రెండు రోజులు ఉంచుతారు. గదివైపు తడి కనిపిస్తే అది గాలిది, గోడవైపు కనిపిస్తే మట్టిది. గాలిదైతే చల్లని గోడకు గాలి తగలకుండా చేయాలి. మట్టిదైతే పని బయట మొదలవుతుంది: చూరు నీటిని దూరంగా వదలాలి, ఇంటి చుట్టూ మొదటి 10 అడుగుల్లో నేల 6 అంగుళాల వాలు ఉండాలి. అది చాలకపోతే గోడ అడుగున లోపల కాలువ, గుంత, పంపు. గోడకు బిగించే బొడిపెల ప్లాస్టిక్ షీటు వెనక నీరు జారి కాలువలో కలుస్తుంది. విట్రూవియస్ చెప్పిన సందు సూత్రమే ఇది. సున్నపు అతుకులను సున్నంతోనే నింపాలి.

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో పాత ఇళ్లు కొన్నవారికీ ఈ వరుసే వర్తిస్తుంది. చట్రం, నురుగు పలకలు, కాగితం లేని జిప్సం, రంగు అన్నీ నీటికి దారి ఏర్పడి గోడ ఆరాకే. వరుస తప్పితే ఎంత ఖరీదైన పనైనా మళ్లీ ఊడదీయాల్సి వస్తుంది.