లక్ష్మికి అక్క పుట్టిన కథ

రావిచెట్టును శనివారం తప్ప తక్కిన దినాలలో ఎందుకు తాకరాదు? పద్మపురాణంలోని కార్తికమాహాత్మ్యంలో ఋషులు అడిగిన ప్రశ్న ఇది. దీనికి సమాధానంగా పురాణకర్త ఒక పెండ్లికథ చెప్పినాడు. దేవదానవులు పాలకడలిని చిలికినప్పుడు లక్ష్మికంటె ముందుగా ఆమె అక్క జ్యేష్ఠ పుట్టినదట. తరువాత పుట్టిన లక్ష్మిని విష్ణుమూర్తి వరించినాడు. కాని పెండ్లికూతురే ఒక చిక్కు తెచ్చిపెట్టినది. అక్క కన్యగా ఉండగా చెల్లెలు పీటలమీద కూర్చొనుట ఎట్లు? అట్లు పెండ్లాడిన చెల్లెలిని ధర్మశాస్త్రాలు అగ్రేదిధిషువని పేరుపెట్టి మరీ నిందించినవి గదా. మూడు లోకాలను ఏలే స్వామికి పెండ్లిళ్ల పేరయ్య పని పడినది.

వధువుది ముదిసిన దేహం, ఎర్రబారిన కన్నులు, బిరుసెక్కిన రాగిరంగు జుట్టు. వరుడుగా ఉద్దాలకమహర్షి కుదిరినాడు. ఆయన ఆమెను ఆశ్రమానికి తీసికొనిపోగా, అక్కడి వేదఘోషకు కొత్తకోడలు తల్లడిల్లినది. ఇటువంటి చోట తాను ఉండజాలననీ, ఆలుమగలు కలహించే ఇండ్లు, అతిథికి అన్నం పెట్టని ఇండ్లు తనకు అనుకూలమనీ చెప్పినది. ఋషికి సంగతి అర్థమైనది. "ఈ రావిచెట్టు మొదట కూర్చుండుము, నీకు తగిన తావు చూచి వత్తును" అని వెళ్లినాడు. మరి తిరిగి రాలేదు.

వినేవారు ఇంతవరకు నవ్వుతారు. ఇది నవ్వుకొనుటకు అల్లిన కథే. అయితే ఈ అక్కగారి పుట్టుకను గ్రంథాలలో వెదకినవారికి మరొక విడ్డూరం ఎదురవుతుంది. విష్ణుపురాణంలోని క్షీరసాగరమథనంలో సురభి, వారుణి, పారిజాతం, అప్సరసలు, చంద్రుడు, విషం, ధన్వంతరి, లక్ష్మి ఉన్నారు, అక్క లేదు. భాగవతం అష్టమస్కంధంలో ఐరావతం, ఉచ్చైఃశ్రవం, కౌస్తుభం కూడ చేరినవి. అక్కకు మాత్రం అక్కడా చోటు లేదు. అనగా కథలో ముందు పుట్టిన ఈమె సముద్రమథన కథలోనికి తరువాత వచ్చి చేరినది.

సముద్రంలోనుంచి పుట్టుట తరువాతి మాట అయినను, ఆమె పేరు మాత్రం చాల పాతది. ఋగ్వేదానికి అనుబంధమైన శ్రీసూక్తంలోనే జ్యేష్ఠ అనే పేరు అలక్ష్మికి విశేషణంగా, ఆకలిదప్పుల మాలిన్యంతో కలసి కనిపిస్తుంది. అక్కడ ఆమెకు సముద్రం లేదు, పెండ్లి లేదు. అమరసింహుడు అలక్ష్మికి నిరృతి అనే పర్యాయపదం ఇచ్చి, వైతరణి సరసన నరకవర్గంలో చేర్చినాడు. ఇక కథ పుట్టిన తీరును ఊహించుట కష్టం కాదు. జ్యేష్ఠ అనగా పెద్దది. పెద్దది అన్నప్పుడు ఎవరికి పెద్ద అనే ప్రశ్న రాక మానదు. లక్ష్మికి అని జవాబు వచ్చిన తరువాత పుట్టిల్లు కావలెను. చెల్లెలి పుట్టినిల్లే అక్కకు పుట్టినిల్లయినది. పేరు ముందు, బంధుత్వం తరువాత, జన్మకథ చివర.

ఇంతకును ఈమె ఎల్లకాలం పరిహాసపాత్రగానే ఉన్నదా? లేదు. బోధాయనగృహ్యసూత్రాల అనుబంధంలో జ్యేష్ఠాపూజకు ప్రత్యేకవిధి ఉన్నది. ఎనిమిదవ శతాబ్దంలో పల్లవులు కట్టించిన కంచి కైలాసనాథాలయంలో ఆమె విగ్రహం ఉన్నది. మదుర సమీపాన తిరుప్పరంకుండ్రంలో పాండ్యరాజుల నాటి శాసనం కలియుగ సంవత్సరం 3874, అనగా క్రీ.శ. 773 నాటిది. సాత్తన్ గణపతి అనే సేనాని భార్య నక్కన్ కొఱ్ఱి దుర్గకు, జ్యేష్ఠకు గుళ్లు తొలిపించినట్లు అది చెప్పుచున్నది. ఒక గృహిణి తన సొమ్ముతో, తన పేరుతో, అక్కగారికి గుడి పెట్టినది. టి. ఎ. గోపీనాథరావుగారు హిందూవిగ్రహశాస్త్రంపై 1914లో ప్రకటించిన సంపుటంలో ఈమె లక్షణాలను విపులంగా కూర్చినారు: లంబోదరం, కాకిధ్వజం, గాడిదవాహనం, ఒకవైపు ఎద్దుముఖపు కొడుకు, మరొకవైపు కూతురు. బిడ్డలతో కొలువుదీరిన ఈ తల్లి పురాణకథలోని విడువబడిన భార్యవలె కనిపించదు.

అయితే ఎదురుగాలి కూడ ఆనాడే వీచినది. తొండరడిప్పొడి ఆళ్వారు తన తిరుమాలైలో, శ్రీరంగనాథుని విడిచి జ్యేష్ఠ దగ్గర సంపదలు ఆశించేవారిని ఎత్తిపొడిచినాడు. ఆశించేవారు లేనిదే ఎత్తిపొడుపు ఉండదు. ఆనాటి జనం ఆమెను సిరిని ఇచ్చే దేవతగానే కొలిచినారని ఆ నిందవల్లనే మనకు తెలియుచున్నది.

పూజ సన్నగిల్లిన తరువాత భాషలు ఆమెను తలకొక తీరున దాచుకొన్నవి. తమిళంలో మూదేవి అనగా పెద్ద దేవత, నేడది తిట్టు. మలయాళంలో జ్యేష్ఠశబ్దం పురుషపరంగా చేట్టన్ అయి అన్నగారికి గౌరవవాచకమైనది. స్త్రీపరంగా చేట్ట అయి, కర్కాటక సంక్రాంతినాడు చీపురుతో ఇంటినుండి వెళ్లగొట్టబడుచున్నది. వంగదేశంలో దీపావళి రాత్రి అలక్ష్మి బొమ్మను చేసి, ఎడమచేతితో పూజించి, బయట పారవేస్తారు. మహారాష్ట్రంలో మాత్రం భాద్రపదమాసాన జ్యేష్ఠ, కనిష్ఠ అని ఇద్దరు గౌరులను ప్రక్కప్రక్కన నిలిపి, ఒకే నైవేద్యం పెడతారు. తెలుగువారు లక్ష్మిని అమ్మ అన్నారు గనుక ఈమెను పెద్దమ్మ అన్నారు. వరుస తప్పలేదు, మర్యాదా తప్పలేదు. అర్థం మాత్రం దారిద్ర్యం. జ్యేష్ఠపుత్రుడు అన్నప్పుడు బరువుగా వినిపించే మాట, ఆడపిల్లను జ్యేష్ఠ అన్నప్పుడు నిందగా మారుట మన ఇండ్లలోని సంగతే.

జానపదులు మాత్రం ఆమెతో పోట్లాట పెట్టుకోలేదు. అక్కచెల్లెళ్లు ఇద్దరూ ఒక వర్తకుని దగ్గరకు వచ్చి, మాలో ఎవరు అందగత్తె అని అడిగినారట. ఎవరిని కాదన్నా చిక్కే. "లోపలికి వచ్చేటప్పుడు చిన్నమ్మగారు, బయటికి వెళ్లేటప్పుడు పెద్దమ్మగారు" అన్నాడు వర్తకుడు. ఇద్దరూ సంతోషించి, ఒకరు లోపలికి, ఒకరు బయటికి నడిచినారట. దేశంలో అనేకభాషల్లో తిరిగే ఈ కథలో చీపురు లేదు, తిట్టు లేదు. అక్కకు కూడ ఒక అందం ఉన్నదనే ఒప్పుకోలు ఉన్నది.

పద్మపురాణ కథకును ఇంకొక ముగింపు ఉన్నది. మగడు రాడని తెలిసి జ్యేష్ఠ రావిచెట్టు కింద ఏడ్చినది. ఆ ఏడుపు వైకుంఠంలో విన్నది చెల్లెలే. ఆమె కోరికపై విష్ణువు వచ్చి, ఆ చెట్టు తన అంశమనీ, అక్కడనే ఉండుమనీ చెప్పినాడు. శనివారం లక్ష్మి అక్కను చూడవచ్చును గనుక ఆనాడు చెట్టును తాకవచ్చును. ఋషుల ప్రశ్నకు జవాబు ఇదే. పేరుకు ఒక పుట్టుకను కల్పించి, నవ్వించుటకు ఒక పెండ్లి చేసిన కథకుడు, ఆమెను చెట్టు కింద ఒంటరిగా విడిచి కథ ముగించలేకపోయినాడు. కథ చెప్పేవారు తరచు వదలివేసే భాగం ఇది. అక్కను తిట్టుగా వాడిన భాషలు దీనిని మరచినవి. శనివారం రావిచెట్టుకు ప్రదక్షిణం చేసే స్త్రీలు మరువలేదు.