కబడ్డీ లీగ్ ప్రజాదరణ: కొలత

2014 జులై 26న మొదలైన ప్రో కబడ్డీ లీగ్ తొలి సీజన్‌ను 43.5 కోట్ల మంది చూశారని టీవీ వీక్షణను కొలిచే టామ్ సంస్థ లెక్కగట్టింది. ఆ ఏడాది దాన్ని మించింది ఐపీఎల్ ఒక్కటే. ఇలాంటి అంకెను జాగ్రత్తగా చదవాలి. ఒక్క నిమిషం చూసినవారూ ‘రీచ్’లో, అంటే చూసినవారి మొత్తం సంఖ్యలో, చేరతారు, సగటున నిమిషానికి ఎందరు చూశారన్నది వేరే లెక్క, అసలు ఆసక్తి తెలిసేది అందులోనే. బ్రిటన్‌లో బార్బ్, అమెరికాలో నీల్సన్, మన దేశంలో బార్క్ ఎవరి పద్ధతిలో వారు కొలుస్తారు కనుక, దేశాల మధ్య రీచ్‌లను పక్కపక్కన పెట్టి తూచడం తప్పు.

ఈ కొలత కోసం ఎంపిక చేసిన ఇళ్లలో టీవీకి మీటరు బిగిస్తారు. చూసే ప్రతి మనిషీ రిమోట్‌పై తన మీట నొక్కాలి. బార్క్ గ్రామీణ గణాంకాలు 2015 అక్టోబరులో మొదలయ్యాయి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల వంటి పల్లె ప్రాంతాలకు గ్రామీణ లెక్కలు చేరడం చాలా ముఖ్యం. అయినా సున్నంతో గీసిన బరి చుట్టూ నిలబడి, కూతకెళ్లిన కుర్రాడిని పేరుపెట్టి ఉత్సాహపరిచే జనం ఏ మీటరుకూ అందరు. లీగ్‌లో ఆడే తెలుగు టైటాన్స్ జట్టుపై ఈ పల్లెల వారి అభిప్రాయం తెలియాలంటే ఇంటింటి సర్వేనే చేయాలి.