జాతీయ సంతాప దినం (అమెరికా)

అమెరికాలో నవంబరు నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్ పండుగ. అదే రోజు మసాచుసెట్స్ రాష్ట్రంలోని ప్లిమత్ పట్టణంలో కోల్స్ హిల్ అనే గుట్ట మీద ఆదివాసులు గుమిగూడి, ఉపవాసముండి, చనిపోయిన తమ పూర్వీకులను తలుచుకుంటారు. 1970లో మొదలైన ఈ ఆచరణకు జాతీయ సంతాప దినం అని పేరు.

1620లో మేఫ్లవర్ ఓడలో వచ్చిన ఇంగ్లిషువాళ్లు ఊరు కట్టుకున్నది ఎవరికీ చెందని నేల మీద కాదు. అది పటుక్సెట్ అనే వాంపనోగ్ తెగవారి ఊరు. 1616-19 మధ్య ఐరోపా నావికులతో వచ్చిన అంటురోగం దాన్ని ఊరికి ఊరే ఊడ్చేసింది. ఆ ఊరివాడైన టిస్క్వాంటమ్‌ను 1614లోనే ఒక ఇంగ్లిషు కెప్టెన్ ఎత్తుకుపోయి స్పెయిన్‌లో అమ్మేశాడు. 1619లో అతను తిరిగొచ్చేసరికి పలకరించేందుకు తనవాళ్లు ఒక్కరూ మిగల్లేదు. కొత్తగా వచ్చినవాళ్లకు మొక్కజొన్న వేయడం నేర్పింది అతనే.

1621లో పంట చేతికొచ్చాక వాంపనోగ్ నాయకుడు మాససోయిట్ తొంభై మందితో వచ్చాడు. వాళ్లు ఐదు జింకలను వేటాడి తెచ్చారు. మూడు రోజులు విందు సాగింది. దీని గురించి వలసవాసుల్లో ఒకడైన ఎడ్వర్డ్ విన్‌స్లో రాసిన ఉత్తరంలో కొద్ది వాక్యాలే ఉన్నాయి. దాన్ని ‘మొదటి థాంక్స్‌గివింగ్’ అన్నది 1841లో అలెగ్జాండర్ యంగ్ అచ్చువేసిన పుస్తకంలోని ఒక పాదసూచిక. 1863లో లింకన్ ఈ పండుగను ప్రకటించినప్పుడు కూడా ఆ విందు ఊసెత్తలేదు. బడిపిల్లలు ఏటా నటించి చూపే స్నేహగాథ ఆ తర్వాత పెరిగింది.

ఆ గాథలో చోటు దొరకని సంగతి ఒకటుంది. విందుకొచ్చిన మాససోయిట్ కొడుకు మెటాకామ్ 1675లో వలసవాసుల మీద యుద్ధానికి దిగాడు. మరుసటి ఏడు ఆగస్టులో అతన్ని చంపి, తల నరికి ప్లిమత్‌కు తెచ్చారు. సరిగ్గా ఆ రోజు అక్కడివాళ్లు దేవుడికి కృతజ్ఞతా దినం జరుపుకుంటున్నారు. కొయ్యకు గుచ్చిన ఆ తల దాదాపు ఇరవై ఏళ్లు అలాగే ఉండిపోయింది. తండ్రి భోంచేసిన ఊళ్లోనే.

1970లో మేఫ్లవర్ రాకకు 350 ఏళ్లయిన సందర్భంగా రాష్ట్రం విందు ఏర్పాటుచేసి, వాంపనోగ్ తెగకు చెందిన సంగీతం మాస్టారు వామ్‌సుట్టా ఫ్రాంక్ జేమ్స్‌ను మాట్లాడమంది. ప్రసంగం ముందే చూపించమన్నారు. అందులో వలసవాసులు సమాధులు తవ్విన సంగతి, ఆదివాసుల ధాన్యం ఎత్తుకెళ్లిన సంగతి ఉన్నాయి. నిర్వాహకులు అది కుదరదని, తాము రాసిచ్చింది చదవమన్నారు. ఆయన ఒప్పుకోలేదు. థాంక్స్‌గివింగ్ నాడు కోల్స్ హిల్‌పై మాససోయిట్ విగ్రహం దగ్గర తనవారితో కలిసి తమ మాట చెప్పారు. పిలిచిన అతిథి నోట కూడా తమ కథే పలికించాలనుకోవడం, 1621 విందును పండుగ కథగా మార్చిన అలవాటుకు కొనసాగింపే.

1997లో సంతాప దినపు ఊరేగింపును పోలీసులు అడ్డుకుని 25 మందిని అరెస్టు చేశారు. మరుసటి ఏడాది కుదిరిన ఒప్పందంతో గుట్ట మీద సంతాప దినాన్ని వివరించే ఫలకం, పట్టణంలో మెటాకామ్ ఫలకం వెలిశాయి.

థాంక్స్‌గివింగ్ ఎందుకో తెలియని మన ఇళ్లలోని ఫోన్లకూ ఏటా ఆ పండుగ మర్నాటి ‘బ్లాక్ ఫ్రైడే’ ఆఫర్లు వచ్చిపడతాయి. అమెరికా పండుగ తాలూకు అమ్మకాలు నెట్‌లో వెతక్కుండానే కళ్లబడతాయి, ఆ గుట్ట మీది దుఃఖాన్ని మాత్రం వెతుక్కోవాలి. వెతికితే దొరుకుతుంది: కోల్స్ హిల్ సభ ఇప్పుడు ఆన్‌లైన్‌లో ప్రసారమవుతోంది, జేమ్స్‌ను చదవనివ్వని ప్రసంగమూ నెట్‌లో పూర్తిగా ఉంది.