జీర్ణోద్ధరణమునకు ప్రమాణమేది?

అమెరికాలో ‘మజిల్ కార్లు’ అను పేర ప్రసిద్ధికెక్కిన మోటారుకార్ల చరిత్రను పలువురు 1964వ సంవత్సరముతో ఆరంభించుచుందురు. మధ్యరకపు కారులో, పెద్ద కార్లకు ఉద్దేశింపబడిన బలిష్ఠమైన ఇంజనును అమర్చి, యువకులకు అందుబాటైన ధరకు విక్రయించుట వీని లక్షణము. ఆ వరుసలో మొదటిదిగా పేర్కొనబడునది పాంటియాక్ జీ.టీ.ఓ.

జనరల్ మోటార్స్ సంస్థ 1963 జనవరిలో తన శాఖలన్నియు కార్ల పందెములనుండి తొలగవలెనని ఆదేశించెను. పందెములలోని గెలుపుచేతనే యువజనుల ఆదరణ పొందిన పాంటియాక్ శాఖకు ఇది పెద్ద దెబ్బ. అప్పుడు జాన్ డెలోరియన్, ఆయన సహచర ఇంజనీర్లు కలిసి, టెంపెస్ట్ అను మధ్యరకపు కారులో 389 ఘనపుటంగుళముల ఇంజనును నిలిపి చూచిరి. ఇంజను ఇమిడినది కాని, సంస్థ నిబంధనకు ఇమడలేదు. ఆ తరగతి కార్లలో 330 ఘనపుటంగుళములకు మించిన ఇంజను ఉండరాదని కట్టుబాటు. క్రొత్త మోడలైనచో పైవారి అనుమతి కావలెను. కొనువారు కోరి తీసికొను అదనపు సామగ్రికి అంతటి పరిశీలన లేదు. కనుక జీ.టీ.ఓ. ఒక కారుగా గాక, టెంపెస్ట్ శ్రేణిలోని లెమాన్స్ కారునకు సుమారు 296 డాలర్ల అదనపు సామగ్రిగా ధరల పట్టికలో చేరినది. పేరు కూడ ఇటలీలోని ఫెరారీ కారునుండి ఎరువు తెచ్చుకొన్నదే! ఆ సంవత్సరము 32,450 కార్లు అమ్ముడుపోయినవి.

ఈ వృత్తాంతమును ఇంత విపులముగా చెప్పుటకు కారణము కలదు. నాడు నిబంధనను దాటుటకు పన్నిన ఉపాయమే నేడు ప్రామాణ్య వివాదములకు మూలమైనది. ప్రతి కారునకు కర్మాగారమువారు ఇచ్చిన సంఖ్య యొకటి యుండును. 1964, 1965 సంవత్సరముల జీ.టీ.ఓ.ల సంఖ్యలను చదివినచో, అవి జీ.టీ.ఓ.లని తెలియదు; అవి సామాన్యమైన లెమాన్స్ సంఖ్యలవలెనే యుండును. 1966లో జీ.టీ.ఓ. ప్రత్యేకపు మోడలైన పిదపనే, 242 అను అంకెలతో ఆరంభమగు సంఖ్య దానికి లభించినది. అందుచేత మొదటి రెండేండ్ల కార్లలో, సామాన్యమైన లెమాన్స్‌కు పేరుపలకలు తగిలించి జీ.టీ.ఓ.గా చెలామణి చేయుట సులభమైనది. ఇది అనుకరణమని చెప్పి అమ్మినచో మాకు ఆక్షేపణ లేదు. చెప్పక అమ్మినచో కొనినవాడు మోసపోవుటయే గాక, లోకములో మిగిలిన లెమాన్స్ కార్లలో ఒకటి మాసిపోవుచున్నది. ఆ రెండవ నష్టమును తలచువారు అరుదు.

అదృష్టవశమున పాంటియాక్ శాఖ బీజకముల నకళ్లు నశింపలేదు. పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్ అను సంస్థ వానిని కాపాడి, కోరినవారికి ప్రతులు ఇచ్చుచు వచ్చినది. ఏ కారు ఏ రంగుతో, ఏ ఇంజనుతో వెడలినదో అందులో తెలియును. కొన్ని ఇతర కార్లకు ఇట్టి ఆధారము లేదు. వానికి, కూర్పువేళ పనివారు చూచుకొనుటకు అచ్చొత్తిన కాగితము సీటు స్ప్రింగుల నడుమనో, పెట్రోలు తొట్టిపైననో చిక్కుకొని యుండినచో, అదియే తామ్రశాసనము.

కాగితము లేనిచోట ఇనుమే సాక్ష్యము పలుకవలెను. ఇంజను పోతపై అక్షరము, అంకెలు కలిసిన తేదీ యుండును. ‘ఏ’ అన్నచో జనవరి, ‘బి’ అన్నచో ఫిబ్రవరి. పిదప రోజు, సంవత్సరపు చివరి అంకె. ఇంజను పోతతేదీ కారు కూర్చిన తేదీకంటె ముందుండవలెను; వెనుకనున్నచో అది తరువాత తెచ్చిపెట్టినదే. 1968 మోడలునుండి కారు సంఖ్యలోని కొంత భాగమును ఇంజనుపై కూడ ముద్రించిరి. అంతట దానిని అరగదీసి, క్రొత్త అంకెలు కొట్టువారు బయలుదేరిరి. అయితే షెవ్రొలే ఇంజన్లలో ఆ ముద్ర పడు చదునైన తావున కోత యంత్రము గీచిన సన్నని గీతలుండును. అరగదీయగానే అవి పోవును. మన శాసన పరిశోధకులు కూటశాసనములను లిపినిబట్టి పట్టుకొన్నట్లు, అనుభవజ్ఞులు ఈ గీతలను భూతద్దముతో వెదకుదురు.

మోసము తలపెట్టనివాడు సైతము అతిశ్రద్ధచేత సత్యమును చెరపగలడు. జనరల్ మోటార్స్‌వారు ఆ కాలమున వాడిన అక్రిలిక్ లాకర్ రంగు నేటి పారదర్శకపు పైపూతవలె అద్దమై మెరయదు. కర్మాగారములో రంగు అడుగుభాగమున అక్కడక్కడ చింది యుండును. బిగించి చూచితినని పనివాడు బోల్టుపై రంగుచుక్క పెట్టి యుండును. ఇవన్నియు తోమివేసి తళతళలాడించిన కారు అందముగా నుండును గాని, 1964లో అట్టి కారు ఏ దుకాణమునను అమ్మబడలేదు. ఆనాటి జీ.టీ.ఓ. బానెటుపై గాలిగూళ్ల వలె కనబడునవి వట్టి అలంకారములు. లోనికి గాలి పోదు. నిజాయితీగల శిల్పి ఆ బూటకమును కూడ అట్లే నిలుపవలసి యున్నది!

ఈ సందర్భమున వేరొక కారును తలచుకొందము. 1968లో వచ్చిన ‘బుల్లిట్’ చలనచిత్రములో స్టీవ్ మెక్వీన్ నడిపిన ఫోర్డ్ మస్టాంగ్ చాలకాలము కంటబడక, 2018లో మరల లోకమునకు తెలియవచ్చినది. రంగు వెలసినది, తుప్పు పట్టినది. కెమెరాలు నిలుపుటకు చిత్రీకరణవేళ అడుగున అతికిన లోహపు గొట్టములు మాత్రము చెక్కుచెదరలేదు. ఎవరైన దానిని ముందే శుభ్రపరచి నూతనముగా చేసియుండినచో మొదట కోసివేయునవి అవియే. 2020 జనవరిలో ఫ్లోరిడాలో జరిగిన వేలమున ఆ కారు, రుసుముతో కలిపి, 37 లక్షల డాలర్లకు పైగా పలికినది.